కోడింగ్ లేని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం: చేరాలా, వదులుకోవాలా?

ప్రశ్న: మాది రాజాం. మా అమ్మాయి సీఎస్‌ఈలో బీటెక్ పూర్తిచేసింది. హైదరాబాద్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ కొత్తగా పెడుతున్న కస్టమర్ సక్సెస్ విభాగంలో ఉద్యోగం ఇస్తామంది. కోడింగ్ ఉండదట. అది వదిలేసి అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సులో చేర్పించమంటారా? ఫీజు, హాస్టల్ ఖర్చు సర్దగలను.

జవాబు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తల్లిదండ్రుల నుంచి ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది, కోర్సు పేరు మాత్రం మారుతుంది. అమ్మాయి ఫోన్లు ఎత్తే పని చేస్తోందా అని చుట్టాలు అడిగితే ఏం చెప్పాలన్నదే మీ అసలు బెంగ అని నాకు అనిపిస్తోంది.

ఇది కాల్ సెంటర్ ఉద్యోగం కాదు. మానాపురం సంతలో గేదెను అమ్మినవాడికి సొమ్ము ఒక్కసారే వస్తుంది. వాడుక పాలు పోసేవాడికి మాత్రం ఆ ఇల్లు నెలనెలా మానకుండా ఉంటేనే గిట్టుబాటు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చాలావరకు వాడుక పాల పద్ధతిలో, చందాల మీదే అమ్ముడవుతోంది. నెలకు నూటికి ముగ్గురు చొప్పున జారిపోతే, 100 మంది ఖాతాదారుల్లో ఏడాది చివరికి మిగిలేది దాదాపు 69 మందే. కొన్నవారు దాన్ని నిజంగా వాడేలా చూసి, వాడకం తగ్గితే ముందే పసిగట్టి, మళ్లీ చందా కట్టేదాకా వెంట ఉండడమే మీ అమ్మాయి చేయబోయే పని.

నా అనుమానం పని గౌరవం మీద కాదు, ఆ విభాగానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న దాని మీద. జీతాలను సేవల ఖర్చు కింద రాస్తే స్థూల లాభం, అంటే రాబడిలోంచి సేవ అందించే ఖర్చు తీసేస్తే మిగిలేది, తగ్గి కనిపిస్తుంది, పొదుపు మాట వచ్చినప్పుడల్లా కత్తెర అటే తిరుగుతుంది. అమ్మకాల పద్దు కింద రాసి, చందాల పునరుద్ధరణను ఆ విభాగానికే అప్పగిస్తే అది తెచ్చే రాబడి కంటికి కనిపిస్తుంది, అయితే టార్గెట్లు మెడ మీద ఉంటాయి. కొన్ని సంస్థలు ప్రత్యేక సేవకు ఖాతాదారుల నుంచే రుసుము తీసుకుంటాయి. కేవలం పెట్టుబడిదారుల సొమ్ముతో నడిచే విభాగం మాత్రం తరువాతి విడత రాకపోతే నిలబడడం కష్టం. పాలకొండ వైపు అమ్మాయి ఒకరు నాకు చూపిన ఆఫర్ లెటర్ మొదటి పేజీలో కస్టమర్ సక్సెస్ అనే ఉంది. రెండో పేజీలో సగం జీతం కొత్త అమ్మకాలకు ముడిపెట్టి ఉంది.

కాబట్టి సంతకానికి ముందు, పునరుద్ధరణ బాధ్యత ఎవరిదో, ఒక్కొక్కరికి ఎన్ని ఖాతాలు అప్పగిస్తారో అడగాలి. ఇరవై పెద్ద ఖాతాలైతే వ్యాపారం నేర్చుకుంటుంది. మూడు వందల చిన్న ఖాతాలైతే రోజంతా మెయిళ్లు పంపడంతోనే సరిపోతుంది.

ఇక డేటా సైన్స్. గణాంక శాస్త్రంలో పునాది లేకుండా ఆరు నెలల సర్టిఫికెట్‌తో ఆ ఉద్యోగం దొరుకుతుందన్న ప్రచారాన్ని నేను నమ్మను. మీ ఉత్తరంలో ఫీజు ఉంది, హాస్టల్ ఖర్చు ఉంది, అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. అది నాకు నచ్చలేదు. ఆమె చదువు వృథా అవుతుందని భయపడకండి: వాడకం లెక్కలు చూడడానికి ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి సమాచారం రాబట్టే భాష) ఈ పనిలోనూ పనికివస్తుంది, ఖాతాదారుల ఇబ్బందులు తెలిసినవారు తరువాత సాఫ్ట్‌వేర్‌లో ఏమేం ఉండాలో తేల్చే ప్రొడక్ట్ విభాగానికి మారిన సందర్భాలూ ఉన్నాయి.

ఒక్క మనవి. పైన చెప్పిన ప్రశ్నలు అడగడానికి ఆ సంస్థకు మీరు ఫోన్ చేయకండి, ఆమెనే అడగనివ్వండి.