జారుడుబల్ల కింద నిలబడు, అమ్మడూ

అమ్మడూ,

ఈ ఆదివారం నువ్వూ అల్లుడు గారూ పిల్లలిద్దరినీ ఇందిరా పార్కుకు తీసుకెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. వారమంతా ఆఫీసు పనితో అలిసిపోయి కూడా ఒక రోజంతా పిల్లలకే అట్టేపెట్టావని విని నా కడుపు నిండిపోయింది. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

పొద్దున్నే బయలుదేరండి. మార్చి వచ్చేసింది, పదకొండు దాటితే హైదరాబాదు ఎండ చంటిపిల్లలు తట్టుకునేది కాదు. నీళ్లు, టోపీలు, దద్దోజనం, తలా ఒక జత బట్టలు పెట్టుకో. 76 ఎకరాల తోట అది, పైగా ఆదివారం. ఇద్దరి జేబుల్లోనూ నీ ఫోను నంబరు రాసిన కాగితం ఉంచు. ఎండలో ఉన్న జారుడుబల్ల మీద పిల్లలను కూర్చోబెట్టే ముందు నీ చెయ్యి ఆనించి చూడు. పాప మెడలో చున్నీ గానీ, నీళ్ల సీసా తాడు గానీ ఉండకూడదు. ఎక్కేటప్పుడు ఎక్కడైనా చిక్కుకుంటే మెడకు బిగుసుకుంటుంది.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. బుజ్జిగాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని జారుడుబల్ల మీద జారకండి. నువ్వూ వద్దు, అల్లుడు గారూ వద్దు.

1988లో మీ అన్నయ్యకు రెండున్నరేళ్లు. ఒక్కడే జారితే పడిపోతాడేమోనని భయపడి, ఒళ్లో గట్టిగా పట్టుకుని నేనే జారాను. సగం దూరంలో వాడి బూటు అడుగున ఉన్న రబ్బరు బల్ల అంచుకు పట్టేసింది. పాదం అక్కడే ఆగిపోయింది, నేను ఆగలేదు. వాడు కెవ్వుమన్నాడు. కింద నిలబెడితే కాలు మోపడు. నేనేం చేశానో తెలుసా? "ఊరికే పేచీ పెట్టకు, నడు" అని కసిరాను. ఇంటికి తీసుకొచ్చి, బెణికిందేమో అనుకుని నువ్వుల నూనె రాసి మర్దన చేశాను. వాడు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి నిద్రపోయాడు. తెల్లారి ఎముకల డాక్టరు గారు ఫొటో తీయించి చూపించారు. మోకాలి కింద పెద్ద ఎముక విరిగింది.

"ఒక్కడే జారి ఉంటే పాదం పట్టేసినా వాడే ఆగిపోయేవాడమ్మా. వెనక మీ బరువు ఉంది, ఆ తోపుకు కాలు మెలితిరిగింది" అన్నారాయన. కాపాడుకోవాలనే కదా ఒళ్లో పెట్టుకున్నాను! ఐదు వారాలు వాడి కాలికి సిమెంటు కట్టు. వాడు అదంతా ఎప్పుడో మరిచిపోయాడు. ఆ నూనె మర్దన నేను మాత్రం మరిచిపోలేదు. దెబ్బ తగిలాక పిల్లవాడు కాలు మోపనంటే తిట్టకు, మర్దన చెయ్యకు, కాలు కదలనివ్వకుండా నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

ఆ తరవాత చాలా ఏళ్లు ఏ పిల్లనూ జారుడుబల్ల దరిదాపులకు రానివ్వలేదు. అదీ తప్పే. ఆ తప్పును దిద్దింది నువ్వే. నాలుగేళ్లదానివి, ఇదే ఇందిరా పార్కులో నా కొంగు వదిలించుకుని మెట్లెక్కేశావు. పై నుంచి "నువ్వు కింద నిలబడు పెద్దమ్మా, నేనే వస్తాను" అన్నావు. నా గుండెలు దడదడలాడుతున్నాయి. నువ్వు రెండు చేతులూ చాచి నవ్వుతూ వచ్చి నా కాళ్ల దగ్గర ఆగావు. ఆపైన ఎనిమిదిసార్లు ఎక్కావు, నేను లెక్కపెట్టాను.

అందుకని వద్దనడం లేదు. పాప పెద్ద బల్ల ఎక్కనీ. బుజ్జిగాడికి మాత్రం వాడి ఎత్తుకు తగిన చిన్న బల్ల చూడు. పక్కన నడుస్తూ చెయ్యి దగ్గరగా ఉంచు, వాడంతట వాణ్ని జారనీ. భయపడితే దింపేయి, మళ్లీ వెళ్లినప్పుడు చూసుకోవచ్చు. ఫొటోలు అల్లుడు గారు తీస్తారులే, నీ కళ్లు వాడి పాదాల మీదే ఉండాలి.

సాయంత్రం ఇంటికి చేరగానే ఫోను చెయ్యి. ముందు బుజ్జిగాడికి ఇవ్వు. ఎన్నిసార్లు జారాడో వాడి నోటితోనే వినాలని ఉంది.

మీ పెద్దమ్మ