పాత వీడియో గేముల గురించి రాసే మా మేనల్లుడికి

చిరంజీవికి,

మామయ్య ఆశీస్సులు. పాత గేములు ఆడుతూ వాటి మీద నువ్వు రాసినవన్నీ కూర్చుని చదివాను. భాష చక్కగా ఉంది. కానీ అన్నిటిదీ ఒకే వరస: మొదట విడుదలైన సంవత్సరం, తర్వాత కథ, ఆఖర్న పదికి ఇన్ని మార్కులు. ఆ వివరాలు ఎవరైనా ఇవ్వగలరు. ఆడుతున్నప్పుడు నీ వేళ్ళకి, కళ్ళకి ఏం జరిగిందో నువ్వే చెప్పాలి. నాకు కావలసింది అదే.

స్పేస్ ఇన్వేడర్స్ తీసుకో. పైనుంచి వరసలుగా దిగే గ్రహాంతర శత్రువుల్ని కాల్చే ఆట, 1978లో తొమొహిరో నిషికాడో చేసింది. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ళు వేగం పుంజుకుంటారు. అప్పటి ప్రాసెసర్‌కి అన్ని బొమ్మలు గీయడం భారమయ్యేది. నువ్వు కొన్నిటిని కాల్చేశాక దాని పని తేలికై, ఉన్నవి పరుగందుకున్నాయి. నిషికాడో అది గమనించి అలాగే ఉంచేశాడు. ఈ సంగతి మనసులో పెట్టుకుని మళ్ళీ ఆడు. ఒక్క శత్రువే మిగిలినప్పుడు ఎక్కడ తొందరపడ్డావో, గుండు ఎందుకు గురి తప్పిందో రాయి. యంత్రం గురించి నీకు తెలిసింది, నీకు పుట్టిన కంగారు ఒకే పేరాలో కలిస్తే చదివేవాడు ఆగకుండా చదువుతాడు.

ప్యాక్‌మ్యాన్ కూడా అంతే. దయ్యాలకి చిక్కకుండా చిట్టడవి దారుల్లో చుక్కలు తినే ఆట అది. 1980 నాటి ఆ ఆటలో దయ్యాలన్నీ ఒకేలా వెంటపడుతున్నట్టు కనిపిస్తాయి. నిజానికి ఎర్రది నేరుగా నీ మీదికే వస్తుంది. గులాబీది నువ్వు వెళ్తున్న వైపు నాలుగు గళ్ళ ముందుకి గురిపెడుతుంది. నారింజది దూరంగా ఉన్నంతసేపు తరుముకొచ్చి, దగ్గరకి రాగానే తన మూలకి మళ్ళిపోతుంది. ఒక పూట గెలుపు సంగతి వదిలేసి నారింజదాన్నే చూస్తూ ఆడు. ఒక్క దయ్యం మీద ఒక వ్యాసం రాయొచ్చు, రాయాలి కూడా. గేము మొత్తాన్ని ఒకే వ్యాసంలో కుక్కాలనుకోవడం వల్లే నీ రాతలు పలచబడుతున్నాయి.

దేని మీద ఆడావో తప్పకుండా చెప్పు. ఎమ్యులేటర్‌లో, అంటే పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాములో ఆడితే ఆ మాట రాసెయ్, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఆట ఏ క్షణంలో ఉన్నా అక్కడే దాచుకునే సేవ్ స్టేట్ వాడితే అదీ చెప్పు. అడుగడుగునా సేవ్ చేసుకుంటూ దాటినవాడు ఆ ఆట తేలికని అంటే ఆ మాటకి విలువుండదు. ఇంకోటి, యూరప్‌లో అమ్మిన కాపీలు చాలావరకు 50 హెర్ట్జ్ టీవీల కోసం, అంటే సెకనుకి 50 సార్లు తెరని గీసే టీవీల కోసం వచ్చినవి. 60 హెర్ట్జ్ కోసం చేసిన గేమును సరిగ్గా సవరించకుండా వాటిలో పెడితే దాదాపు ఆరోవంతు నెమ్మదిగా నడుస్తుంది. ఆట మందకొడిగా ఉందని రాసేముందు నీ దగ్గరున్నది ఏ కాపీయో చూసుకో.

అసలు కార్ట్రిడ్జులు, అంటే యంత్రంలో గుచ్చే గేము డబ్బాలు కొంటే నోటితో ఊదకు. ఉమ్మి తడికి లోపలి లోహపు అంచులు తుప్పు పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, బాగా ఆరాక పెట్టు. సేవ్ చేసుకునే వీలున్న పాత కార్ట్రిడ్జుల్లో చాలావాటిలో గుండ్రటి చిన్న బ్యాటరీ ఉంటుంది. అది అయిపోయినా, మార్చాలని ఊడదీసినా, సేవ్ పోతుంది. ఎవరిదో పాత ఆట అందులో మిగిలి ఉంటే బ్యాటరీ తీసేముందే దాన్ని కాపీ చేసి పెట్టు.

నచ్చని గేములనీ వదలకు. నచ్చలేదని సూటిగా రాయి, వెక్కిరించకు. ఈటీ సినిమా ఆధారంగా 1982లో అటారీ కంపెనీ తెచ్చిన గేమును అందరూ తిడతారు. హోవర్డ్ స్కాట్ వార్షా దాని ప్రోగ్రామును సుమారు ఐదు వారాల్లో పూర్తిచేశాడు. ఆటలో ఎదురయ్యే గోతుల్లో పడుతూ లేస్తూ నువ్వే ఆడి, అంత తక్కువ గడువులో అతను ఏవి సాధించాడో, ఏవి వదిలేయాల్సి వచ్చిందో వెతికి రాయి. పూర్తవగానే నాకు పంపు, ముందు నేనే చదువుతాను.

ఇట్లు,
నీ మామయ్య