ఫ్లెక్సీ కట్టించిన నాన్నకి మాటలెందుకు కరువయ్యాయి?

*గాజువాకలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతాను. కౌమార దశ పాఠం వచ్చినప్పుడల్లా "ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటేసేదాన్ని. ఈసారి హెడ్మిస్ట్రెస్ గారు పూర్తిగా చెప్పి తీరాలన్నారు, అదీ ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ కలిపి కూర్చోబెట్టి. మొన్న ఒకబ్బాయి లేచి, "మేడమ్, నాకు ఛాతీలో గడ్డలా ఉంది, క్యాన్సరా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. వాణ్ణి బయట నిలబెట్టాను. మా వారిది స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. "నలుగురిలో పరువు పోతుంది, ఆ పాఠం ఇంకెవరికైనా అప్పగించు" అంటున్నారు. మా పాపకి పన్నెండేళ్లు. వైశాఖంలో పెద్దమనిషయింది. ఫంక్షన్ ఘనంగా చేశాం, జంక్షన్‌లో ఫ్లెక్సీ కూడా కట్టించారాయన. అప్పట్నుంచి పాపతో ఎక్కువ మాట్లాడరు, బండి ఎక్కించుకోరు, అది మామూలేగా. రెండు నెలలుగా పాపకి నెలసరి రాలేదని మా అత్తగారు కంగారు పడుతున్నారు. ఇంతకీ పాఠం చెప్పమంటారా, ఎలాగోలా తప్పించుకోమంటారా?*

అమ్మా,

పాఠం చెప్పండి. పుస్తకంలో ఉంది, మీరు సైన్సు టీచరు, ఇందులో అడగడానికేముంది? కలిపి చెప్పాలా విడిగా చెప్పాలా అన్నదీ పెద్ద చిక్కేం కాదు. మొదటి పీరియడ్ విడివిడిగా తీసుకోండి. పైకి అడగలేనివి పేరు రాయకుండా చీటీల మీద రాసివ్వమనండి. రెండో పీరియడ్ అందర్నీ కూర్చోబెట్టి చెప్పండి. యూనిఫాం మీద మరక చూసి నవ్వే కుర్రాడికి అదేమిటో ఎవరో ఒకరు చెప్పాలి కదా. అమ్మాయిల్లో మార్పులు 8 నుంచి 13 ఏళ్ల మధ్య, అబ్బాయిల్లో 9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలవుతాయి. అందుకే మీ క్లాసులో ఆడపిల్లలు ఒక్కసారిగా పొడుగైపోతే, మగపిల్లలు ఇంకా చిన్నవాళ్లలాగే కనిపిస్తుంటారు. ఈ ఒక్క ముక్క తెలియక లోలోపల కుమిలిపోయే మగపిల్లలు ఎందరో.

ఆ గడ్డ సంగతి అడిగిన అబ్బాయిని రేపే పిలవండి. ఆ వయసులో దాదాపు సగం మంది మగపిల్లలకి చనుమొన కింద చిన్న గట్టిదనం వస్తుంది. హార్మోన్లు ఇంకా కుదురుకోకపోవడం వల్ల వచ్చేది, చాలామందికి ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది. పెరుగుతూ పోతే డాక్టరుకి చూపించమనండి. క్లాసులో అంతమంది ముందు నోరు విప్పి అడిగాడంటే ఎన్ని రాత్రులు నిద్రపోలేదో! వాణ్ణి బయట నిలబెట్టారు మీరు. కోపం వచ్చింది నాకు, దాచుకోను.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది మాత్రం "అది మామూలేగా" అన్న మాట. ఏది మామూలు? ఫొటో వేయించి, ఫ్లెక్సీ కట్టించి, జంక్షన్‌లో బస్సు కోసం నిలబడ్డ ముక్కూ మొహం తెలియని వాళ్లందరికీ మా పిల్ల పెద్దమనిషయిందని చాటినాయన, అదే పిల్లతో ఇంట్లో మాట్లాడటానికి సిగ్గుపడుతున్నాడు. మీరు పాఠం చెబితే పోయే పరువు అప్పుడు పోలేదా? కొత్త చాప వేశారు, చిమ్మిలి పెట్టారు, మేనమామ పట్టుబట్టలు తెచ్చాడు. ఆ వేడుకలంటే నాకు చిన్నచూపేమీ లేదు. కానీ అంతమంది వచ్చి అక్షింతలు వేసి వెళ్లాక ఆ పిల్లకి మిగిలిందేమిటి? మొన్నటిదాకా బండి మీద తిప్పిన నాన్న దూరంగా జరిగాడు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. పన్నెండేళ్ల పిల్ల కారణం తనలోనే వెతుక్కుంటుంది, తన ఒంట్లో ఏదో తప్పు జరిగింది కాబట్టే నాన్నకి తను గిట్టడం లేదనుకుంటుంది.

మీ ఆయన చెడ్డవాడని నేననడం లేదు. ఆడపిల్ల ఎదిగితే తండ్రి ఎడంగా ఉండాలని ఆయన చూసి నేర్చుకుని ఉంటాడు. ఆయనకెవరూ వేరేలా చెప్పలేదు. మీరూ చెప్పలేదు, పైగా సర్దేశారు. పిల్ల మాట ఆయనకి, ఆయన మాట పిల్లకి మీరే చేరవేస్తూ ఉండి ఉంటారు. కాదంటే సంతోషిస్తాను.

దీన్ని నేనింత పట్టి చెప్పడానికి కారణముంది. రేపు ఆ పిల్ల షేర్ ఆటోలో ట్యూషన్‌కి వెళుతుంది. పక్కన కూర్చున్నవాడు చెయ్యి వేశాడనుకోండి, ఇంటికొచ్చి ఎవరికి చెబుతుంది? తన ఒళ్లంటే నాన్నకే మొహమాటమని నేర్చుకున్న పిల్ల నోరు విప్పదు. పిల్లల్ని కాపాడటానికి 2012లో పోక్సో చట్టం వచ్చింది, ఫోన్ చేస్తే పలకడానికి 1098 ఉంది. అవి పని చెయ్యాలన్నా ముందు పిల్ల ఇంట్లో ఒక్కరికైనా చెప్పాలిగా?

మీ అత్తగారి కంగారు సంగతి. మొదటి రెండేళ్లూ నెలసరి క్రమంగా రాకపోవడం సహజం. మెదడు నుంచి అండాశయానికి వెళ్లే సంకేతాలు కుదురుకోవడానికి అంత కాలం పడుతుంది. వరసగా మూడు నెలలు దాటినా, వచ్చినప్పుడు ఏడు రోజులకి పైగా ఆగకపోయినా, గంట రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా ఘోషాసుపత్రికో మీకు తెలిసిన లేడీ డాక్టరు దగ్గరికో తీసుకెళ్లండి. పెద్దావిడకి ఈ మాట మీరే కూర్చోబెట్టి చెప్పండి. దిష్టి తీయిస్తానంటే తీయించనివ్వండి, దానివల్ల నష్టం లేదు.

ఆయనతో మాట్లాడటం మీ పని, నా ఉత్తరం చూపించి తప్పించుకోకండి. నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన పూట మాత్రం వద్దు, ఆఫ్ రోజు చూసుకోండి. పాఠాలు చెప్పొద్దు, "పాప మీకోసం ఎదురుచూస్తోంది" అని చెబితే చాలు. అన్నం తినేటప్పుడు స్కూలు సంగతులు ఆయన్నే అడగమనండి. ఆదివారం ఎప్పటిలాగే అప్పికొండకో బీచ్‌కో తీసుకెళ్లమనండి, బండి మీదే. మొదట్లో ఇద్దరూ బిగుసుకుపోతారు, మధ్యలో దూరి మీరు కబుర్లు మొదలుపెట్టకండి.

మన రాష్ట్రంలో 2021లో స్వేచ్ఛ పేరుతో ప్రభుత్వ బడుల్లో 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకి నెలకి 10 ప్యాడ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. సర్కారుకి లేని సిగ్గు కన్నతండ్రికెందుకు? ఈ నెల పాప ప్యాడ్లు మెడికల్ షాపు నుంచి ఆయన్నే తెమ్మనండి. షాపువాడు కాగితం చుట్టి నల్ల కవర్లో పెడుతుంటే వద్దనమనండి. ఆయనకి నా మీద కోపమొస్తే నాకు రాయమనండి. ఆ ఉత్తరం ఆయనే రాయాలి.