జపాన్‌తో ముడిపడిన కొలువులు: ముందు చేతిలో పని, తర్వాతే భాష

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సీఈసీ రెండో ఏడాది చదువుతోంది. భారత్, జపాన్ సంబంధాలంటే తనకు బాగా ఆసక్తి. దౌత్యవేత్త కావాలని, కుదరకపోతే జపాన్‌కు సంబంధించిన ఏదైనా మంచి ఉద్యోగం చేయాలని అంటోంది. డిగ్రీలో జాపనీస్ తీసుకోమనాలా, పొలిటికల్ సైన్స్ తీసుకోమనాలా? ఈలోపు జపాన్ పంపిస్తామంటూ ఏజెన్సీల నుంచి ఫోన్లు వస్తున్నాయి. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: మీ అమ్మాయి ఆసక్తిలో తప్పేమీ లేదండీ. కాకపోతే ‘భారత్–జపాన్ సంబంధాల అధికారి కావలెను’ అని ఎక్కడా ప్రకటన రాదు. 1952లో దౌత్య సంబంధాలు మొదలయ్యాయి. 1958 నుంచి జపాన్ మనకు యెన్ రుణాలిస్తోంది. ఢిల్లీ మెట్రో, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు, ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్, ముంబయి–అహ్మదాబాద్ బుల్లెట్ రైలు.. వీటన్నిటి వెనుకా జపాన్ ప్రభుత్వ సహాయ సంస్థ జైకా డబ్బుంది. 2025 ఆగస్టులో ప్రధాని టోక్యో వెళ్లినప్పుడు ఐదేళ్లలో 5 లక్షల మంది రాకపోకలు సాగించాలని, అందులో మన దగ్గర్నుంచి 50 వేల మంది నిపుణులు వెళ్లాలని రెండు దేశాలూ అనుకున్నాయి. పదేళ్లలో 10 లక్షల కోట్ల యెన్‌ల ప్రైవేటు పెట్టుబడి తేవాలన్నది మరో లక్ష్యం. ఇంత వ్యవహారాన్నీ నడిపేది రాయబారులొక్కరే కాదు. రుణాల ఫైళ్లు చూసే ఆర్థికవేత్తలు, సుంకాల కాగితాలు సరిచూసే కామర్స్ పట్టభద్రులు, ఫ్యాక్టరీలో జపాన్ ఇంజినీరు పక్కన నిలబడి అనువదించేవాళ్లు.. అందరూ కలిస్తేనే అది నడుస్తుంది. వీళ్లలో తను ఎవరవుతుందన్నది ముందు తేలాలి. భాష, కోర్సు ఆ తర్వాతి మాట.

దౌత్యవేత్త సంగతి ముందు చూద్దాం. దానికి చేరాల్సింది భారత విదేశాంగ సర్వీసు (ఐఎఫ్ఎస్)లో. ఐఎఫ్ఎస్‌కు యూపీఎస్సీ సివిల్స్ ఒక్కటే ప్రధాన దారి. ఏ డిగ్రీ అయినా చాలు, 21 ఏళ్లు నిండాలి. జనరల్ అభ్యర్థులకు 32 ఏళ్ల వరకు ఆరు ప్రయత్నాలు, ఓబీసీలకు 35 ఏళ్ల వరకు తొమ్మిది. ఐఎఫ్ఎస్‌కు ఇటీవల ఏటా తీసుకుంటున్నది 35 నుంచి 55 మంది. దరఖాస్తులేమో లక్షల్లో ఉంటాయి. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఎంపికయ్యాక ప్రతి అధికారికీ ఒక విదేశీ భాష కేటాయిస్తారు, అందులో పాసైతేనే సర్వీసులో ఖరారు చేస్తారు. ర్యాంకు, ఇష్టం, శాఖ అవసరం.. ఈ మూడింటినీ బట్టి ఆ కేటాయింపు ఉంటుంది. ఒక్కో బ్యాచ్‌లో జాపనీస్ వచ్చేది కొద్దిమందికే. వచ్చినా కెరీర్ అంతా టోక్యోలో గడవదు. మూడేళ్లకోసారి దేశం మారుతుంది, మధ్యలో ఢిల్లీ డెస్కులుంటాయి. జపాన్ కోసమే ఐఎఫ్ఎస్ అనుకుంటే తర్వాత నిరాశ తప్పదు. ఏ దేశమైనా సరే, దౌత్యమే కావాలనుకుంటే మాత్రం సివిల్స్ రాయాల్సిందే. అప్పుడు కూడా డిగ్రీలో ఎకనామిక్సో పొలిటికల్ సైన్సో గట్టిగా చదువుకోవడం మంచిది. పేపర్లు చదివి వచ్చే అంతర్జాతీయ సంబంధాల జ్ఞానం మెయిన్స్‌లో నిలబడదు.

విదేశాంగ శాఖలో దుబాసీల కేడర్ కూడా ఉంది. పోస్టులు చాలా తక్కువ, భాషలో మాత్రం అసాధారణ పట్టు కావాలి. దాన్ని దృష్టిలో పెట్టుకోవచ్చు గానీ దాని మీదే ఆధారపడకండి.

నా దృష్టిలో సీఈసీ విద్యార్థికి ఎక్కువ అవకాశాలున్నది వాణిజ్యం వైపే. అందులో నిత్యం జరిగే ఒక పని చెబుతాను. మీ పక్కనున్న తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు, కోబెల్కో, డైకిన్ లాంటి జపాన్ కంపెనీల ఫ్యాక్టరీలున్నాయి. అలాంటి ఓ ఫ్యాక్టరీ జపాన్ నుంచి హైడ్రాలిక్ పంపు తెప్పించుకుంటోందనుకోండి. 2011 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉన్న సెపా (సమగ్ర ఆర్థిక భాగస్వామ్య) ఒప్పందం ప్రకారం సుంకంలో రాయితీ అడగొచ్చు. కానీ అది ‘జపాన్ సరుకే’ అని రుజువు చేయాలి. సాధారణ నియమం ప్రకారం వస్తువు విలువలో కనీసం 35 శాతం ఆ దేశంలోనే చేకూరాలి. దాంతోపాటు బయటి నుంచి తెచ్చిన ముడిసరుకు హెచ్ఎస్ కోడ్ (సరుకుల వర్గీకరణ సంఖ్య), తయారైన వస్తువు కోడ్ ఆరంకెల స్థాయిలో వేరుగా ఉండాలి. కొన్ని వస్తువులకు విడి నియమాలున్నాయి. ఇవన్నీ సరిపోతే జపాన్ వాణిజ్య, పరిశ్రమల మండలి మూలధ్రువపత్రం (సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్) ఇస్తుంది.

ఎక్కువగా తేడా కొట్టేది ఇక్కడే. అక్కడివాళ్లు పత్రంలో పంపు కింద 8413 అని రాస్తారు. ఇక్కడ బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) వేసేవారు దాన్నే ఎక్స్‌కవేటర్ విడిభాగంగా 8431 అని వేస్తారు. కోడ్లు కలవకపోతే కస్టమ్స్ వివరణ అడుగుతుంది, సరుకు రేవులోనే ఆగిపోతుంది. డెమరేజీ (సరుకు ఆగినందుకు కట్టే రుసుము) రోజురోజుకూ పెరుగుతుంది. పైగా 2020 సెప్టెంబరు 21 నుంచి అమలవుతున్న కారోటార్ (దిగుమతి సరుకు ఏ దేశానిదో తేల్చే కస్టమ్స్) నిబంధనల ప్రకారం పత్రం ఉంటే చాలదు. సరుకు ఏ లెక్కన ఆ దేశానిదైందో చూపే సమాచారం దిగుమతిదారు దగ్గరే ఉండాలి, దాన్ని కనీసం ఐదేళ్లు దాచాలి. ఆ సమాచారం కోసం నగోయాలోని సరఫరాదారుకు ఉత్తరం రాయాలి. ఖర్చుల వివరాలన్నీ బయటపెట్టడానికి అతనికి ఇష్టం ఉండదు. ఎంత వరకు అడగాలో, ఎలా అడగాలో తెలిసినవాళ్లు కావాలి. సుంకాల చట్టం తెలిసి, జాపనీస్‌లో మర్యాద తప్పకుండా ఈమెయిల్ రాయగలిగినవాళ్లు ఎంతమంది ఉంటారు? ఈ ఉద్యోగాలకు గట్టి జీతాలు వచ్చేది అందుకే.

ఇలాంటి సందులు ఇంకా ఉన్నాయి. రెండు దేశాల సామాజిక భద్రతా ఒప్పందం 2016 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. ఐదేళ్ల లోపు పని మీద జపాన్ వెళ్లే మన ఉద్యోగి, ఈపీఎఫ్ఓ నుంచి కవరేజీ సర్టిఫికెట్ తీసుకెళ్తే అక్కడ మళ్లీ పెన్షన్ చందా కట్టనక్కర్లేదు. బయల్దేరక ముందే హెచ్ఆర్ వాళ్లు ఆ పత్రం తీయించకపోతే రెండు చోట్లా కోత పడుతుంది. జపాన్ మాతృసంస్థకు కట్టే రాయల్టీ, సాంకేతిక రుసుముల మీద పన్ను ఒప్పందం ప్రకారం 10 శాతానికి మించి పన్ను కోయకూడదు. అక్కడి పన్ను నివాస ధ్రువపత్రం సకాలంలో రాకపోతే ఆ రాయితీ చిక్కుల్లో పడుతుంది. ఇవన్నీ బీకాం, సీఏ, సీఎస్ (కంపెనీ సెక్రటరీ) చదివినవాళ్ల పనులే.

ఇక భాష. జాపనీస్ ప్రావీణ్యాన్ని కొలిచే జేఎల్‌పీటీ పరీక్ష ఎన్5 నుంచి ఎన్1 వరకు ఐదు మెట్లు, ఎన్5 తేలిక. జులైలో, డిసెంబరులో జరుగుతుంది. మీకు దగ్గరి కేంద్రం చెన్నై. రిజిస్ట్రేషన్ నెలల ముందే ముగుస్తుంది, సీట్లు త్వరగా నిండిపోతాయి. 180 మార్కులకు ఎన్5లో 80, ఎన్4లో 90, ఎన్3లో 95, ఎన్2లో 90, ఎన్1లో 100 వస్తే పాస్. అయితే మొత్తం వచ్చినా ఒక విభాగంలో కనీస మార్కులు తగ్గితే ఫెయిలే. వినికిడిలో 60కి 19 తప్పనిసరి. పుస్తకాలు బట్టీపట్టి వినడం వదిలేసిన పిల్లలు దెబ్బతినేది ఇక్కడే.

ఎన్5కు సుమారు 100 కాంజీ (చైనా లిపి నుంచి వచ్చిన) అక్షరాలు, 800 పదాలు చాలు. ఎన్2కు వచ్చేసరికి అవి సుమారు 1,000, 6,000 అవుతాయి. ఎన్4 దాకా హుషారుగా సాగి ఎన్3 దగ్గర మానేసేవాళ్లే ఎక్కువ. కాంజీ ఒక్కసారిగా మీద పడుతుంది, అప్పటికి క్లాసు కొత్తదనమూ పోతుంది. ఎన్4 సర్టిఫికెట్‌ను రెజ్యూమెలో రాసుకోవచ్చు గానీ ఆఫీసు పని ఇవ్వరు. ఎన్3కి కొన్ని తలుపులు తెరుచుకుంటాయి, అసలు విలువ ఎన్2 నుంచే. వాక్య నిర్మాణంలో మాత్రం తెలుగువాళ్లకు సుఖం ఉంది. కర్త, కర్మ, చివర క్రియ, పదం వెనకే విభక్తి లాంటి ప్రత్యయం.. మన వరుసే. ఇంగ్లిష్ ద్వారా కాకుండా నేరుగా తెలుగు వాక్యంతో పోల్చుకుంటూ నేర్చుకోమనండి.

ఈ పరీక్షలో మాట్లాడటం, రాయడం ఉండవు. అందుకే ఎన్2 ఉన్నవాళ్లు కూడా మొదటి మీటింగులో నోరు మెదపలేరు. వారానికి రెండు గంటలైనా సంభాషణ సాధన పెట్టుకోవాలి, గౌరవవాచక రూపాలు విడిగా నేర్చుకోవాలి. మీటింగ్ అయిన రోజే నిర్ణయాలను రాసి అందరికీ పంపడం, చెడువార్త అడక్కముందే చెప్పడం జపాన్ ఆఫీసుల్లో తప్పనిసరి అలవాట్లు. అక్కడ ఒక ప్రతిపాదన అన్ని విభాగాల ఆమోదం తిరిగి రావడానికి వారాలు పడుతుంది. మనవాళ్లు దాన్ని అయిష్టత అనుకుని ఒత్తిడి చేసి పని చెడగొట్టుకుంటారు.

కోర్సు విషయానికొస్తే నా మొగ్గు బీకాం లేదా బీఏ ఎకనామిక్స్ వైపు, దాంతోపాటు సాయంత్రాలు జాపనీస్. చెన్నైలో ఏబీకే–ఏఓటీఎస్ దోసోకై అనే సంస్థ ఏళ్లుగా ఈ భాష నేర్పుతోంది. రోజుకు గంటన్నర నిలకడగా చదివితే మొదటి ఏడాది డిసెంబరుకు ఎన్5, రెండో ఏడాదికి ఎన్4, డిగ్రీ అయ్యేసరికి ఎన్3 సాధ్యమే. ఎన్2కు ఆపైన మరో ఏడాది, ఏడాదిన్నర పెట్టుకోండి. నిజంగా భాషా సాహిత్యాల మీదే ప్రేమ ఉంటే హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), ఢిల్లీ జేఎన్‌యూ, శాంతినికేతన్ విశ్వభారతిలోని నిప్పాన్ భవన మంచివి. భాషా డిగ్రీ చేస్తే మాత్రం పక్కన అకౌంటింగో, అంతర్జాతీయ వాణిజ్యమో, సాంకేతిక అనువాదమో ఒకటి పట్టుకోవాలి. ఫ్యాక్టరీలో అనువాదకురాలికి అచ్చు (మోల్డ్), వెల్డింగు లోపం, టాలరెన్స్ (కొలతలో అనుమతించే తేడా) లాంటివి తెలియకపోతే వాక్యం సరిగ్గా ఉన్నా అర్థం తప్పుతుంది.

పీజీకి భారతీయ విదేశీ వాణిజ్య సంస్థ ఐఐఎఫ్‌టీ ఎంబీఏ (అంతర్జాతీయ వ్యాపారం) ఈ దారికి బాగా నప్పుతుంది. దాని క్యాంపస్ కాకినాడలోనూ ఉంది. పరిశోధన, విధానాల వైపు వెళ్లాలంటే జేఎన్‌యూలో, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో తూర్పు ఆసియా అధ్యయనాలున్నాయి. కానీ మేధో సంస్థల్లో ఉద్యోగాలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. జపాన్ కాన్సులేట్లు, జపాన్ వాణిజ్య సంస్థ జెట్రో, జైకా, సాంస్కృతిక సంస్థ జపాన్ ఫౌండేషన్ స్థానికులను తీసుకుంటాయి. తెలుగు రాష్ట్రాలు చెన్నై కాన్సులేట్ పరిధిలోకి వస్తాయి. సాంస్కృతిక రంగం చూడ్డానికి బాగుంటుంది, జీతం పోస్టులు మాత్రం తక్కువ. ఉత్సవాలకు స్వచ్ఛందంగా పనిచేస్తే పరిచయాలు పెరుగుతాయి, ఆ మేరకే ఆశించండి.

జపాన్ ప్రభుత్వ మెక్స్‌ట్ స్కాలర్‌షిప్ గురించి తప్పక వినే ఉంటారు. ఇంటర్ తర్వాతి కోర్సుకు మొదటి ఏడాది భాషా శిక్షణతో కలిపి ఐదేళ్లు, నెలకు సుమారు 1,17,000 యెన్‌లు, ఫీజు మినహాయింపు. కానీ హ్యుమానిటీస్ వాళ్లకూ రాత పరీక్షలో గణితం ఉంటుంది. సీఈసీలో గణితం లేదు కాబట్టి ఇప్పుడు దాని వెంట పడితే ఇంటర్ మార్కులూ దెబ్బతింటాయి. డిగ్రీ తర్వాతి రీసెర్చ్ స్కాలర్‌షిప్ తనకు నయం. దానికి స్పష్టమైన పరిశోధన ప్రణాళిక రాయాలి. దరఖాస్తుల్లో ఎక్కువ రాలిపోయేది ఆ రెండు పేజీల దగ్గరే. ‘జపాన్ సంస్కృతి అంటే ఇష్టం’ అనేది పరిశోధన అంశం కాదు. ‘సెపా తర్వాత వాహన విడిభాగాల దిగుమతుల్లో మార్పు’ లాంటిదైతే ప్రొఫెసర్ చదువుతారు.

ఏజెన్సీల ఫోన్ల గురించి. వాళ్లు చెప్పేది ఎక్కువగా రెండిట్లో ఒకటి. ఒకటి స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా. దీనిపై 2021 జనవరిలో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి కాబట్టి పథకం నిజమైనదే. సంరక్షణ, వ్యవసాయం, హోటళ్ల లాంటి పనులకు నైపుణ్య పరీక్షతోపాటు ఎన్4 స్థాయి భాష కావాలి. మొదటి రకం వీసాతో సాధారణంగా మొత్తం ఐదేళ్లే, కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీల్లేదు. గౌరవమైన పనే, కానీ మీ అమ్మాయి అడుగుతున్నది అది కాదు. రెండోది అప్పు చేయించి అక్కడి భాషా పాఠశాలలో చేర్చడం. విద్యార్థి వీసాతో అనుమతి తీసుకుని చేసే పని వారానికి 28 గంటలకు మించకూడదు. ఆ సంపాదనతో ఫీజు, అద్దె, అప్పు మూడూ తీరతాయని ఎవరైనా లెక్క చెబితే కాగితం మీద రాసివ్వమనండి.

ఆఫీసు ఉద్యోగాల వీసాకు సాధారణంగా డిగ్రీ కావాలి, లేదంటే పదేళ్ల అనుభవం. అనువాదం, దుబాసీ పనులకు కూడా పట్టభద్రులైతే అనుభవం షరతు ఉండదు. అందుకే ఎంత మంచి భాషా డిప్లొమా దొరికినా డిగ్రీ మధ్యలో ఆపనివ్వకండి.

పాస్‌పోర్టు ఇంకా తీయకపోతే ఈ సెలవుల్లో తీయించండి, పేరు విషయంలో జాగ్రత్త. మన పదో తరగతి మెమోల్లో ఇంటిపేరు తరచూ ఒక్క అక్షరంగానే ఉంటుంది. పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి రాస్తారు. జేఎల్‌పీటీ సర్టిఫికెట్, డిగ్రీ, పాస్‌పోర్టు మూడింట్లో మూడు రకాలుగా ఉంటే, జపాన్ ఇమిగ్రేషన్ అర్హత పత్రం జారీ చేసేటప్పుడు వివరణలు ఇచ్చుకోవాల్సి వస్తుంది. జేఎల్‌పీటీకి మొదటిసారి దరఖాస్తు చేసేటప్పుడే పాస్‌పోర్టులోని స్పెల్లింగునే వాడమనండి.