కొన్న సాఫ్ట్‌వేర్‌కి బ్యాకప్ కాపీ తీసుకుంటే నేరమా?

నేరం కాదు; న్యాయంగా కొన్న సాఫ్ట్‌వేర్‌కి, అసలు కాపీ పాడైతే పనికొస్తుందని ఇంకో కాపీ తీసి దాచుకోవడాన్ని మన కాపీరైట్ చట్టం (1957) ఒప్పుకుంటుంది.

ఈ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల్లోనే లెక్కగడుతుంది. రచనకి నకలు తీసే హక్కు మామూలుగా హక్కుదారుడిదే. కానీ ప్రోగ్రాముతో ఒక చిక్కుంది. ఇన్‌స్టాల్ చేయడమంటేనే హార్డ్ డిస్కులోకి కాపీ చేయడం. అదీ తప్పే అంటే కొన్నవాడు దాన్ని వాడుకునేదెలా? అందుకే 52వ సెక్షన్‌లో మినహాయింపు పెట్టారు: ఏ పనికి ఇచ్చారో ఆ పనికి వాడుకోవడానికీ, పోయినా చెడిపోయినా ఆదుకునే బ్యాకప్‌కీ కాపీ తీసుకోవచ్చు.

ఉదాహరణకి, ఒక డీటీపీ షాపాయన తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ సీడీ కొన్నాడనుకుందాం. గీతలు పడకముందే దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి బీరువాలో పెట్టుకోవచ్చు. అదే పెన్‌డ్రైవ్‌తో పక్క షాపులో ఇన్‌స్టాల్ చేసిపెడితే మాత్రం ఉల్లంఘనే, రూపాయి తీసుకోకపోయినా సరే.

చాలామంది పొరబడేది ఇక్కడే: అమ్ముకుంటేనే తప్పు, సొంతానికైతే ఫర్వాలేదని. నిజానికి దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడటమే 63బి సెక్షన్ కింద నేరం. శిక్ష 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, రూ.50,000 నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా. లాభం కోసమో వ్యాపారంలోనో వాడలేదని తేలితే, కోర్టు జైలు లేకుండా రూ.50,000 లోపు జరిమానాతో సరిపెట్టొచ్చు.