గేజులో ఒక అంకె, లాగ్‌లో మరో అంకె

ప్రశ్న: 1990ల నాటి నా మారుతి ఎస్టీమ్‌లో పాత ఇంజిన్ కంప్యూటర్ తీసేసి స్పీడుయినో బోర్డు పెట్టుకున్నాను. సైలెన్సర్ పైపుకు బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 వైడ్‌బ్యాండ్ (గాలి–పెట్రోలు నిష్పత్తిని అంకెల్లో చెప్పే) ఆక్సిజన్ సెన్సర్ బిగించి, దాని కంట్రోలర్ నుంచి వచ్చే 0–5 వోల్టుల తీగను బోర్డుకు కలిపాను. కంట్రోలర్‌తో ఇచ్చిన పుస్తకంలో 0 వోల్టులకు 10, 5 వోల్టులకు 20 గాలి–పెట్రోలు నిష్పత్తి అని ఉంది. బోర్డును ట్యూన్ చేసే ట్యూనర్‌స్టూడియో సాఫ్ట్‌వేర్‌లోనూ అవే అంకెలు నింపాను. అయినా కంట్రోలర్ గేజులో 14.7 కనిపిస్తున్నప్పుడు బోర్డు నమోదు చేసే లాగ్‌లో 15.1 పడుతోంది. లాగ్‌ను నమ్మి పెట్రోలు పెంచమంటారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: దయచేసి ఇప్పుడే పెంచకండి. మీరు ఇచ్చిన లెక్క ప్రకారం ఒక వోల్టుకు నిష్పత్తి 2 చొప్పున మారుతుంది కనుక, 0.4 తేడా అంటే 0.2 వోల్టుల తేడా. కంట్రోలర్ 2.35 వోల్టులు పంపుతుంటే బోర్డుకు 2.55 వోల్టులుగా కనిపిస్తోందన్న మాట. వోల్టేజీని ఎప్పుడూ ఏదో ఒక ఎర్తుతో పోల్చే కొలుస్తాం. కంట్రోలర్ తన ఎర్తు నుంచి 2.35 లెక్కపెట్టి పంపుతోంది, బోర్డు తన ఎర్తు నుంచి కొలుస్తోంది, ఆ రెండు ఎర్తులూ ఒకే మట్టంలో లేవు. గేజుకు ఈ గొడవ లేదు, ఎందుకంటే అది తీగ మీది వోల్టేజీతో పని లేకుండా కంట్రోలర్ లోపలి లెక్కనే చూపిస్తుంది.

మట్టం ఎందుకు తప్పిందంటే, ఈ సెన్సర్ పనిచేయాలంటే దాని లోపలి పింగాణీ సుమారు 780 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉండాలి. అందుకోసం హీటరు తీసుకునే కరెంటు అంతా కంట్రోలర్ ఎర్తు తీగ గుండానే బ్యాటరీకి తిరిగి వెళుతుంది. ఆ దారిలో చిన్న నిరోధం ఉన్నా చాలు, కంట్రోలర్ ఎర్తు పైకి లేస్తుంది, దానితోపాటు లాగ్‌లోని అంకె కూడా లీన్ (పెట్రోలు తక్కువ) వైపు జరుగుతుంది. నా చేతికి వచ్చిన ఒక కారులో ఆ తీగను హెడ్‌లైటు పక్కనున్న బోల్టుకు బిగించారు. తీగ చివరి లగ్గు విప్పి చూస్తే కింద బాడీ పెయింటు చెక్కుచెదరకుండా ఉంది, లోహానికి లోహం తగిలింది బోల్టు మరల దగ్గర మాత్రమే.

మీ కారులో పరీక్ష సులభం. ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటర్ ఎర్ర కొనను కంట్రోలర్ ఎర్తు తీగకు, నల్ల కొనను బోర్డు సెన్సర్ ఎర్తుకు ఆనించండి. 0.2 వోల్టుల దరిదాపుల్లో చూపిస్తే దొంగ దొరికినట్టే. అప్పుడు హీటరు కరెంటు మోసే ఎర్తును బోర్డు పవర్ ఎర్తు ఉన్న చోటికే, అంటే ఇంజిన్ బ్లాకు మీద శుభ్రంగా గీకిన బోల్టుకు, మార్చండి. మీ కంట్రోలర్‌కు సిగ్నల్ కోసం వేరే ఎర్తు తీగ ఉంటే దాన్ని మాత్రమే బోర్డు సెన్సర్ ఎర్తుకు కలపండి. ఒకే తీగ ఉన్న రకమైతే దాన్ని కూడా బ్లాకుకే ఇవ్వాలి. హీటరు కరెంటును సెన్సర్ ఎర్తులోకి పంపితే థ్రాటిల్, కూలెంట్ సెన్సర్ల అంకెలు కూడా తప్పుతాయి.

ట్యూనర్‌స్టూడియోలో 10ని 9.6గా, 20ని 19.6గా మార్చి సరిపెట్టుకుందామని చాలామందికి అనిపిస్తుంది. అది సరైన పద్ధతి కాదని గట్టిగా చెప్పగలను. సెన్సర్ చల్లగా ఉన్నప్పుడు హీటరు ఎక్కువ కరెంటు, వేడెక్కాక తక్కువ కరెంటు తీసుకుంటుంది కనుక తప్పు కూడా నిలకడగా ఉండదు. ఈరోజు సరిపెట్టిన లెక్క రేపు హైవే మీద సరిపోదు.

ఇంకో మాట. మన బంకుల్లో ఇప్పుడు దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. దానికి సరైన నిష్పత్తి సుమారు 13.5 అయినా గేజు 14.7 అనే చూపిస్తుంది, ఎందుకంటే సెన్సర్ నిజానికి కొలిచేది లాంబ్డా, అంటే అందిన గాలి ఆ ఇంధనానికి కావలసిన గాలికి ఎన్ని రెట్లు ఉందన్నది; గేజు దాన్ని మామూలు పెట్రోలు నిష్పత్తి అయిన 14.7తో గుణించి చూపిస్తుంది. అందుకని లాగ్‌ను లాంబ్డాలోనే చూడడం అలవాటు చేసుకోండి. ఏ ఇంధనమైనా 1 అంటే 1 అనే అర్థం.

ప్రశ్న: నా కారులో కంపెనీ కంప్యూటరే ఉంది. పాత ఆక్సిజన్ సెన్సర్ తీగ కోసి, అక్కడ వైడ్‌బ్యాండ్ 0–5 వోల్టుల తీగ కలిపితే సరిపోతుందా?
– మరో పాఠకుడు, వరంగల్

జవాబు: సరిపోదు. పాత నారోబ్యాండ్ సెన్సర్ ఇచ్చేది సుమారు 0.1 నుంచి 0.9 వోల్టుల వరకే. 0.45కు పైన ఉంటే రిచ్ (పెట్రోలు ఎక్కువ), కింద ఉంటే లీన్ అని మాత్రమే కంప్యూటరుకు తెలుసు. 2.35 వోల్టులు చూస్తే ఎప్పుడూ రిచ్ అనుకుని పెట్రోలు తగ్గిస్తూనే పోతుంది. పాత సెన్సర్‌ను ఉన్నచోటే ఉంచి, వైడ్‌బ్యాండ్‌కు క్యాటలిటిక్ కన్వర్టర్ కంటే ముందు వేరే బంగ్ (సెన్సర్ బిగించే గూడు) వెల్డింగ్ చేయించండి. సెన్సర్ తల పైకి వాలి, అడ్డం నుంచి కనీసం 10 డిగ్రీలు ఎత్తులో ఉండాలి. పైపులో చేరిన నీటి బొట్టు వేడి పింగాణీ మీద పడితే అది పగిలిపోతుంది.