సర్వర్‌ని నమ్మకుండానే పని చేయించుకోవచ్చా?

ప్రశ్న: క్వాంటమ్ కంప్యూటర్ ఎక్కడో దూరంగా వేరేవాళ్ల చేతుల్లో ఉంటుంది కదా. నా లెక్క వాళ్ల కంట పడకుండా చేయించుకోవడం కుదురుతుందా? వాళ్లిచ్చిన జవాబు తప్పైతే నాకెలా తెలుస్తుంది?

జవాబు: కుదురుతుందండీ. 2009లో బ్రాడ్‌బెంట్, ఫిట్జ్‌సిమన్స్, కషేఫీ అనే పరిశోధకులు దారి చూపించారు. మీరు ఒక్కో క్యూబిట్‌ని (క్వాంటమ్ కంప్యూటర్ సమాచారాన్ని దాచుకునే అతి చిన్న ముక్క) 45 డిగ్రీల తేడాతో ఉన్న 8 కోణాల్లో ఏదో ఒకదానికి తిప్పి పంపుతారు, ఏ కోణమో చెప్పరు. సర్వర్, అంటే ఆ దూరపు క్వాంటమ్ కంప్యూటర్, వాటన్నిటినీ ఒకదానితో ఒకటి ముడివేసి, మీరు చెప్పిన కోణంలో కొలిచి ఫలితం చెబుతుంది. ఉదాహరణకి మీ లెక్కకి కావాల్సింది 90, మీరు దాచింది 225 అనుకోండి, రెండూ కలిపి 315 అని చెప్తారు, లేదా ఇంకో 180 కలిపి 135 అంటారు (360 దాటితే మళ్లీ సున్నా నుంచే లెక్క), అప్పుడు వచ్చిన ఫలితాన్ని మీరే తిరగేసుకుంటారు. సర్వర్‌కి కనిపించేది పొంతనలేని కోణాలే, లెక్క ఎంత పెద్దదో మాత్రం తెలిసిపోతుంది. నాకు బాగా నచ్చిన సంగతేంటంటే, ఈ గోప్యత ఫలానా లెక్క కష్టమన్న నమ్మకం మీద కాదు, భౌతికశాస్త్రం మీదే నిలబడుతుంది.

రెండో టెన్షన్‌కి మందు, వల పన్నడం. జవాబు మీకు ముందే తెలిసిన క్యూబిట్లని మధ్యమధ్యలో కలిపేస్తారు, అవేవో సర్వర్‌కి తెలియదు కాబట్టి మోసం చేస్తే చాలావరకు దొరికిపోతుంది.

మీ దగ్గర క్యూబిట్లు పంపే పరికరం లేదా, మామూలు కంప్యూటరే ఉందా? అప్పుడూ జవాబుని సరిచూసుకోవచ్చని 2018లో ఊర్మిళా మహాదేవ్ అనే పరిశోధకురాలు నిరూపించారు, కాకపోతే అక్కడ మాత్రం ఒక గణిత సమస్యని క్వాంటమ్ కంప్యూటర్ కూడా తేలిగ్గా ఛేదించలేదని నమ్మాలి.